తలకు తల

“వాళ్ళ దగ్గర మనవాళ్ళు పదిమంది. మన దగ్గర వాళ్ళవాళ్ళు తొమ్మిదిమంది. అక్కడొచ్చిందమ్మా చిక్కు,” అన్నాడు గుమాస్తా.

ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. సముద్రంలో గీత దాటి వచ్చిన చేపలవాళ్ళను రెండు దేశాలూ పట్టుకుని జైల్లో పెడతాయి. వాళ్ళను ఇచ్చిపుచ్చుకోవడానికే ఈ ఉమ్మడి కమిషన్. గోడ మీద రెండు జెండాలు, మధ్యలో చేతులు కలిపిన బొమ్మ.

“నియమం తలకు తల. ఏ దేశమూ తనకు తక్కువైందని అలగకూడదు కదా! అందరికన్నా ఆఖర్న దొరికింది మీ ఆయన. ఆగిపోయేదీ ఆయనే.”

“మళ్ళీ ఎప్పుడయ్యా?”

“రెండేళ్ళకు.”

“రెండేళ్ళా! దగ్గితే రక్తం పడుతోందని ఉత్తరం రాయించాడు. రెండు నెలలు కూడా ఉండడు.”

“నన్నేం చెయ్యమంటారు? శుక్రవారం లోపు ఇంకొకడు దొరికితే మీ అదృష్టం.”

ఇంటికొచ్చి చాలాసేపు గడపలోనే కూర్చుంది. తర్వాత చెల్లెలికి ఫోన్ చేసింది.

“బావ సంగతి ఏమైనా తెలిసిందా అక్కా?” చెల్లెలు ఏడుపు గొంతుతో అడిగింది.

“వచ్చేస్తాడులే. చంటిదాని ఫిట్స్ మందు దొరికిందా?”

“ఎక్కడ! ఊరంతా గాలించాం.”

“నేను కొన్నాను. మీ ఆయన్ని పంపు. గీత దాటి ఎప్పుడూ కలిసే చోటికే, రేపు ఆరింటికల్లా.”

“నువ్వు లేకపోతే నా గతేం కానక్కా!”

గురువారం గుమాస్తా నవ్వుతూ ఎదురొచ్చాడు.

“నక్క తోక తొక్కొచ్చారమ్మా! గస్తీవాళ్ళకు ఒకడు దొరికాడు. ఎవరో ఫోన్ చేసి చోటూ వేళా చెప్పారట. కాకపోతే పడవ తిప్పి పారిపోబోయాడు. కాల్చేశారు.”

ఆమె మొహం పాలిపోయింది.

“చచ్చినవాడు లెక్కలోకి వస్తాడా?”

“కాగితంలో తల అని ఉంది గానీ, ప్రాణం ఉండాలని లేదు.”

శుక్రవారం రేవులో కమిషన్ అధ్యక్షుడు ఇరుదేశాల సహకారం గురించి మాట్లాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మొగుడు పడవ దిగి ఆమె భుజం మీద వాలిపోయాడు. ఎముకల గూడులా ఉన్నాడు. అయినా వెచ్చగా ఉన్నాడు.

అవతలి దేశపు రేవులో తొమ్మిదిమంది నడిచి దిగాక, గోనెపట్టాలో చుట్టిన పదోవాడి కోసం చంటిదాన్ని చంకనేసుకుని ముందుకొచ్చింది ఆమె చెల్లెలే.