దుంప పేరు

“మా భీమవరంలో ఇది బంగాళదుంపండీ. రేపు కీటాలో మన మిహిర అదే చెప్తుంది,” అంది హైమ, తొక్క తీస్తున్న దుంపను భర్త ముఖం ముందు ఆడిస్తూ.

“దుంప గింప జాన్తా నై. కరీంనగర్ బిడ్డ ఆలుగడ్డ అనే అంటది,” అన్నాడు వేణుమాధవ్.

రేపు ఆ కీటా అనే పిల్లల బడిలో అందరూ తమ ఇంటి భాషలో ఒక కూరగాయ పేరు చెప్పాలి. జర్మనీలోని ఈ బౌట్సెన్‌లో ఏ వీధి బోర్డు చూసినా జర్మన్ పేరు ఒకటి, ఇక్కడి స్థానిక తెగ సోర్బుల భాషలో పేరొకటి ఉంటాయి. ఈ ఇంట్లో మాత్రం ఒక దుంపకు రెండు పేర్లు ఇమడడం లేదు.

“దాన్నే అడుగుదాం. ఇదేంటమ్మా?” అని కూతురికి దుంప చూపించింది హైమ.

నాలుగేళ్ళ మిహిర తేలిగ్గా చెప్పింది. “బ్యెర్న!”

“గిది జర్మన్ గూడ కాదు గదనే!”

“సోర్బు మాటండీ. కీటాలో నేర్పుంటారు.”

వేణుమాధవ్ కంగారుపడ్డాడు. “బిడ్డా, బంగాళదుంపనన్న అనరాదే!”

“పోనీ ఆలుగడ్డ అనమ్మా, బంగారూ!” అని బతిమాలింది హైమ.

“బ్యెర్న.”

హైమ కత్తి పక్కన పెట్టి, ఫ్రిజ్ తెరిచి ఒక కాయ తీసింది. “మీ ఊళ్ళో దీన్నేమంటారు?”

“వంకాయ.”

“మా ఊళ్ళోనూ అంతే. రేపు చెప్పేది ఇదే, ఇవాళ కూరా ఇదే,” అని తేల్చేసింది.