ఒంటికన్ను రాక్షసి

"తింటివా వీరేషా?" ఎదురింటి బయమ్మ రోజూలాగే వచ్చి గడపలో నిలబడి అడిగింది.

"ఆఁ, తింటినవ్వా," రోజూలాగే తలెత్తకుండా అన్నాడు వీరేష్. నిజానికి పొద్దున్నుంచీ అచ్చు ముందే కూర్చున్నాడు. బెంగళూరులో బల్లమీద చిన్న బొమ్మలు పెట్టి ఆటలాడేవాళ్లు అడిగిన రాక్షసి బొమ్మ అది. జానెడు కూడా లేని ఆ బొమ్మను మట్టితో నెలరోజులు మలిచి, అచ్చు తీసి, అందులో ఆరితే గట్టిపడే రెజిన్ ద్రవం పోశాడు.

ఊపిరి బిగబట్టి అచ్చు విప్పాడు. మూడు కొమ్ములూ, కోరలూ చక్కగా దిగాయి. ఎడమకన్ను ఉండాల్సిన చోట మాత్రం గుంట! విసుగ్గా చెత్తబుట్టలో పడేశాడు.

"ఏమప్పా, పారేస్తివి?"

"గాలిబుడగ చేరి కన్ను పోయిందవ్వా. ఎవురూ కొనరు. ఇంకోటి పోస్తా."

"అయితే నాకియ్యి."

"రాక్షసిని ఇంట్లో పెట్టుకుంటావా? భయం కాదా?"

బయమ్మ బొమ్మను తీసి కొంగుతో తుడిచింది. "ఎదురుగా ఎవురూ లేకుంటే సంగటి గొంతు దిగదప్పా. ఇది కూర్చుంటే నాలుగు ముద్దలు తింటా."

వీరేష్ తలెత్తాడు. "దానికి ఉండేది ఒక కన్నే కదవ్వా!"

"ఒకటి చాల్లేప్పా, నేను తింటినో లేదో చూసేకి."