ఆరు సీసాల నీళ్లు

"చేప కంటికి కనపడకుండానే చేప ఉందని రాస్తారా? ఇదెక్కడి చదువమ్మా?" అన్నాడు శేషగిరిరావు, వాగు గట్టున నిలబడి.

హుమేరా ఆరో సీసా ముంచి మూత బిగించింది. అంతరించిపోతున్న మంచినీటి చేపల మీద పరిశోధన ఆమె పని. వాగు పక్కన ముప్పై ఎకరాల్లో సున్నపురాయి తవ్వుకుంటానని శేషగిరిరావు దరఖాస్తు పెట్టాడు. ఆ నీళ్లలో అరుదైన చేపలేమైనా ఉన్నాయేమో చూసి రమ్మని పైవాళ్లు ఆమెను నరసరావుపేట నుంచి పంపారు. ఉన్నాయని ఆమె రాసిందా, ముప్పై ఎకరాలకూ ఆయన నీళ్లొదులుకోవాల్సిందే.

వల వేయక్కర్లేదని ఆమె ఓపిగ్గా చెప్పింది. చేప తిరిగిన నీళ్లలో దాని ఒంటి జిగురు, రాలిన పొలుసుల ఆనవాళ్లు ఉంటాయట. సీసాడు నీళ్లు ల్యాబుకు పంపితే ఏ జాతి చేపో చెప్పేస్తారట.

శేషగిరిరావుకు చదువంటే మహా గౌరవం, తన దారికి అడ్డం రానంతవరకు. వెంటనే మర్యాదలు మొదలుపెట్టాడు. పిడుగురాళ్ల నుంచి బిర్యానీ తెప్పించాను, తినకుండా కదిలితే ఊరుకోనన్నాడు. హుమేరా వద్దంది. ఆయన వింటేగా. వాగుకు మైలు దూరంలో, ఇరవై ఏళ్లుగా ఆయన్ని పోషిస్తున్న క్వారీ ఉంది. సీసాలున్న ఐసు పెట్టెను ఆ క్వారీ ఆఫీసు వరండాలో దింపించి, ఆమెను లోపల విస్తరి ముందు కూర్చోబెట్టాడు. తను బయటికొచ్చి మేస్త్రీని పిలిచాడు.

"ఒరేయ్ జక్కయ్యా, ఆ సీసాల్లో నీళ్లు పారబోసి వేరేవి పట్టు. పైన అంటించిన కాయితాలు చెదరకూడదు."

"చెరువు నీళ్లు పట్టమంటారా అయ్యా?"

"చెరువులో చేపలుండవేందిరా సన్నాసీ? మన క్వారీ బోరు నీళ్లు పట్టు. మూడొందల అడుగుల లోతున ఏ చేప ఉండి చస్తది?"

జక్కయ్య పని శుభ్రంగా చేశాడు. శేషగిరిరావు తన తెలివికి తనే మురిసిపోయాడు. అంత చదివిన మనిషిని ఒక్క ప్లేటు బిర్యానీతో పడగొట్టానని మాచర్లలో ఉన్న వియ్యంకుడికి ఫోను చేసి మరీ చెప్పుకున్నాడు.

మూడు వారాల తర్వాత హుమేరా మళ్లీ క్వారీకి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఐసు పెట్టెలోని ఆరు సీసాల్లో కళ్లు లేని చేప ఆనవాళ్లు దొరికాయండీ. నేల కింద, రాతి సందుల్లో బతికే జాతి. ఇప్పటిదాకా ఎవరూ చూడనిది. ఆ నీళ్లున్న చోట ఇక ఒక్క రాయి కూడా పగలగొట్టడానికి వీల్లేదు."

 ఆ ముప్పై ఎకరాల కోసం రెండేళ్లుగా శేషగిరిరావు ఎక్కని ఆఫీసు మెట్టు లేదు, దండం పెట్టని గుమాస్తా లేడు. నిజం చెబితే పోయేది పరువు, చెప్పకపోతే పోయేది భూమి. పరువుతో ఆయనకు ఎప్పుడూ అంత పని పడలేదు.

"అవి వాగు నీళ్లు కాదమ్మా," అన్నాడు.

"మరి ఎక్కడివి?"

"ఇదిగో, ఈ క్వారీ నడిమధ్యలో బోరువి. మీరు అన్నం తినేటప్పుడు మార్పించా. ఏరా జక్కయ్యా, చెప్పవేందిరా?"

జక్కయ్య తన చేతుల్తోనే పట్టానని పిల్లల మీద ఒట్టేశాడు. నోటిమాట చెల్లదంది హుమేరా. శేషగిరిరావు తెల్లకాగితం తెప్పించి, బోరు లోతుతో సహా రాసి, కింద సంతకం చేశాడు. జక్కయ్య చేత సాక్షి సంతకం కూడా పెట్టించాడు. ఇక తన వాగు జోలికి రావద్దని మరీ మరీ చెప్పాడు.

హుమేరా కాగితం రెండుసార్లు చదువుకుని బ్యాగులో పెట్టుకుంది.

"వాగులో అరుదైన చేపలేం లేవండీ. ఏ సీసా పగిలిపోతుందోనని నేనెప్పుడూ అవే నీళ్లు ఇంకో ఆరు సీసాల్లో పట్టి జీపులో ఉంచుకుంటా. వాటిని చూసి, మీ ముప్పై ఎకరాలకు అడ్డేం లేదని పోయిన వారమే రాసేశాను. ఈ కళ్లు లేని చేప నీళ్లు ఎక్కడివో తెలియకే ఇవాళ మీ దగ్గరికొచ్చా."