పట్టు

“బ్రేకులు రోడ్డు మీదికా, రేసు ట్రాక్ మీదికా?” అడిగాడు షాపు యజమాని.

“ట్రాక్ మీదికే. ఆదివారం స్పోర్ట్స్ కార్లవాళ్ళందరికీ వదులుతారట కదా, దానికి,” అన్నాడు పెద్దాయన.

యజమాని ఆయన్ని ఎగాదిగా చూశాడు. “తోలేది మీరేనా?”

“నాకు సైకిలు తప్ప ఏదీ రాదు బాబూ. తోలేది మా కోడలు.”

కోడలు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. వీధిలో పోయే బళ్ళను చూస్తూ నిలబడింది.

యజమాని మూడు పెట్టెలు విప్పి బ్రేకు ప్యాడ్లు కౌంటరు మీద పరిచాడు. మొదటివి రోజూ ఊళ్ళో తిరిగే కార్లకు వేసేవి. చల్లగా ఉన్నా తొక్కగానే పట్టేస్తాయి. కానీ ట్రాక్ మీద పదేపదే తొక్కితే వేడెక్కి చేతులెత్తేస్తాయి. రెండోవి అచ్చంగా రేసులవి. ఎంత వేడికైనా ఓర్చుకుంటాయి, కాకపోతే వేడెక్కేదాకా సరిగా పట్టవు. మూడోవి ఈ రెంటికీ మధ్యస్థం.

“చేతులెత్తేయడమంటే?” పెద్దాయన అడిగాడు.

“కాలు పెడల్ మీదే ఉంటుంది. గట్టిగానే తొక్కుతాం. బండి మాత్రం మన మాట వినదు.”

పెద్దాయన మొదటి పెట్టెను కౌంటరు చివరికంటా నెట్టేశాడు.

“అమ్మా, నువ్వోసారి వచ్చి చూడు.”

“మీరే చూడండి మావయ్యా. నేను మాత్రం ఎంచను.”

“నీకు తెలిసినంత నాకేం తెలుసు?”

ఆమె మళ్ళీ వీధివైపు తిరిగింది. ఆయన చాలాసేపు ఆ ముక్కల్ని తిరగేసి మరగేసి చూశాడు.

“ఈ మూడోవి మలుపు దగ్గర మోసం చెయ్యవు కదా?”

“చెయ్యవని రాసివ్వలేను బాబాయ్. కాసేపు తోలాక ఒక రౌండు నెమ్మదిగా పోయి చల్లారనివ్వాలి. బ్రేకు ఆయిలు కూడా కొత్తది పోయించండి. పాతది మరిగిందంటే పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది.”

“అయితే ఇవే వేసి, అదీ పోయించెయ్,” అన్నాడు పెద్దాయన.

ఇంటికెళ్ళేసరికి ఆయన భార్య గుమ్మంలోనే నిలేసింది.

“అది వద్దు మొర్రో అంటుంటే మీరే ఎగదోస్తున్నారు. మీకేమైనా మతి పోయిందా?”

“అదలా గదిలోనే కూర్చుంటే మనకు దక్కదే,” అన్నాడు ఆయన. ఆమె ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆదివారం పెద్దాయన హెల్మెట్ తగిలించుకుని కారులో పక్క సీట్లో కూర్చున్నాడు.

“మీరొద్దు మావయ్యా. దిగండి.”

“ఈ బెల్టు ఎలా పెట్టుకోవాలో చెప్పు.”

“నా మాట వినండి.”

“వింటున్నాగా. బెల్టు సంగతి చెప్పు.”

ఆమె వంగి బెల్టు బిగించింది. లాగి చూసింది. మళ్ళీ లాగి చూసింది.

మొదటి రౌండు ప్యాడ్లు వేడెక్కడానికి నెమ్మదిగా పోనిచ్చింది. తర్వాత తిన్నగా ఉన్న దారిలో కారు ఒక్కసారిగా గర్జించింది. దారి చివర మలుపు. దాని వెనక పాత టైర్లు పేర్చిన గోడ మీదమీదికి వచ్చేస్తోంది. పెద్దాయన కళ్ళు మూసుకోలేదు.

ఆమె బ్రేకు తొక్కింది. బెల్టు ఆయన ఛాతీకి బిగుసుకుపోయింది. కారు ముక్కు వంచి, బుద్ధిగా మలుపు తిరిగింది.

మలుపు దాటగానే ఆమె వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. స్టీరింగ్ మాత్రం వదల్లేదు.

“ఇంకో రౌండు పోనివ్వు తల్లీ,” అన్నాడు ఆయన.

కిందటేడు ఇదే మలుపులో, ఆమె ఎంచి వేయించిన ప్యాడ్లు పట్టు వదిలేసినప్పుడు, ఆ పక్క సీట్లో కూర్చున్నది ఆయన ఒక్కగానొక్క కొడుకు.