ఎర్ర గీతలు లేని ఆఫీసు

"ఎవరిదీ ఉత్తరం? తట్టు పోసినట్టు ఇన్ని ఎర్ర గీతలేంటి?"

మేనేజరుగారు తెర మీద వేలు పెట్టి కేకేశారు.

"అందరివీ అంతే సార్. కళ్ళు మూసుకుని పంపేయడమే," అన్నాడు మూల కుర్చీ గుమాస్తా.

నీళ్ళ మోటార్లు అమ్మే కంపెనీలో, ఫిర్యాదులకు జవాబులు రాసే గది అది.

మోటారు కొన్నవాళ్ళు తెలుగూ ఇంగ్లీషూ కలిపి తిడతారు. వీళ్ళు తెలుగూ ఇంగ్లీషూ కలిపి క్షమాపణ చెబుతారు.

ఈమెయిల్ సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ఆ కలగలుపు కాపురం గిట్టదు. ఇంగ్లీషు మాటల్ని వదిలేసి, తెలుగు మాట కనిపిస్తే చాలు, కింద ఎర్ర గీత గీసేస్తుంది. అన్నీ ఎర్రగా ఉంటే అసలు తప్పు ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది? తప్పుల తడకలే జనానికి వెళ్ళిపోయేవి.

ఆ రోజుల్లోనే ఏజెన్సీ వాళ్ళు ఒకావిడను పంపారు.

పేరు ఎవరూ అడగలేదు. 'టెంపరరీగారూ' అని పిలిచారు. ఆవిడ పలికింది.

పని మాత్రం మహా నెమ్మది. మిగతావాళ్ళు మధ్యాహ్నానికి మెయిళ్ళన్నీ ఊడ్చేస్తే, ఆవిడ ఇంకా మౌస్ పట్టుకుని పొద్దుటి ఉత్తరం మీదే ఉండేది.

"ఏం టెంపరరీగారూ, ఉత్తరం రాస్తున్నారా, బియ్యంలో రాళ్ళేరుతున్నారా?" అన్నాడు గుమాస్తా.

"రెండూ ఒకటేనండీ. ఒక్క రాయి మిగిలినా అది పంటి కిందికే వస్తుంది."

"ఆ గీతలు అవతలివాళ్ళకి కనబడవు కదండీ!"

"నాకు కనబడుతున్నాయిగా. నేను రాసిన మంచి మాటని అది తప్పంటుంటే నాకు తల కొట్టేసినట్టుంటుంది."

గుమాస్తా నవ్వేశాడు. ఆవిడ నవ్వలేదు.

టీ తాగేటప్పుడు మాత్రం పక్క సీటు అమ్మాయితో కాస్త మనసు విప్పేది.

"ఏడాది చివర ఒకరిని పర్మనెంటు చేస్తారటమ్మా. నన్ను చేస్తే మా పిల్లని తెచ్చేసుకుంటాను. మా అక్క దగ్గర ఉంటోంది. ఇదివరకు ఫోన్ చేస్తే చాలు, 'ఎప్పుడొస్తావమ్మా' అనేది. ఈమధ్య అడగడం మానేసింది."

నెలలు గడిచాయి.

ఆవిడ తెర మీద గీతలు పలచబడ్డాయి. విచిత్రంగా గుమాస్తా తెర మీదా పలచబడ్డాయి. చివరికి మేనేజరుగారి ఉత్తరాల్లోనూ, నిజంగా తప్పు రాస్తే తప్ప గీత పడటం మానేసింది.

మేనేజరుగారి ఛాతీ పొంగిపోయింది. ఆ సాఫ్ట్‌వేర్ కొనమని పై వాళ్ళతో పోట్లాడింది ఆయనే మరి.

వేరే బ్రాంచీల వాళ్ళను పిలిచి మరీ చూపించారు.

"చూడండి! ఎంత చక్కటి తెలుగు వచ్చో దీనికి!"

"మాదీ ఇదే సాఫ్ట్‌వేరండీ. మాకు ఇప్పటికీ అంతా ఎరుపే," అన్నాడొకాయన.

"ఆడలేనమ్మ మద్దెల ఓడందిట! వాడటం రావాలయ్యా!"

గదంతా నవ్వులు. టెంపరరీగారు కూడా తల తిప్పి నవ్వింది.

"నేర్పితే ఎందుకు రాదు సార్?"

"అదే కదా! కంపెనీ వాళ్ళు అంత బాగా నేర్పారు," అన్నారు మేనేజరుగారు.

ఏడాది చివర ఆవిడను తన గదిలోకి పిలిచారు.

"ఏమీ అనుకోకండమ్మా. పర్మనెంటు పోస్టు ఇంకొకరికి ఇస్తున్నాం. మీరు మరీ నెమ్మది. అదీకాక, ఇప్పుడు తప్పులన్నీ సాఫ్ట్‌వేరే పట్టేస్తోంది. మీలా కూర్చుని చూసుకునే మనిషి అక్కర్లేదు."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా తల దించలేదు.

"అంటే నేను పని బాగానే చేశానన్నమాట," అంది.

మేనేజరుగారికి ఆ మాట అర్థం కాలేదు. పాపం, బాధలో ఏదో అందనుకున్నారు.

ఆవిడ వరండాలోకి వెళ్ళి అక్కకు ఫోన్ చేసింది. "ఈ ఏడు కూడా పిల్లని నీ దగ్గరే ఉంచుకోవే," అంది. ఆ తర్వాత బ్యాగు భుజాన వేసుకుని, ఎవరి జాలీ అడగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

వెళ్ళిపోయిన మనిషికి ఈమెయిల్ ఖాతా ఎందుకని కంప్యూటర్ల విభాగం వాళ్ళు దాన్ని తీసేశారు.

మర్నాడు పొద్దున్నే గదిలో గగ్గోలు.

"సార్! మొత్తం ఎరుపే! 'నమస్కారం' కింద కూడా గీతే!"

మేనేజరుగారు సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేసి దులిపేశారు. వాళ్ళ ఇంజినీరు పరుగున వచ్చాడు. కాసేపు కంప్యూటర్‌తో కుస్తీ పట్టి తలెత్తాడు.

"ఈమధ్య ఎవరి ఖాతా అయినా తీసేశారా సార్?"

"ఒక టెంపరరీ మనిషిది. ఆవిడకీ దీనికీ ఏంటి సంబంధం?"

"గీత పడ్డ మాట మీద నొక్కి 'ఇది సరైనదే' అని చేరిస్తే, ఆ మాట ఆఫీసులో అందరి కంప్యూటర్లకీ వెళ్తుందండీ. ఆవిడ రోజూ చేర్చుకుంటూ వచ్చారు. ఖాతాతో పాటు అవన్నీ పోయాయి."

"ఆవిడ చేర్చినవి పోతే పోనీవయ్యా! మీరు పెట్టిన తెలుగు ఉండాలి కదా. అదేమైంది?"

ఇంజినీరు మొహమాటంగా గొంతు సవరించుకున్నాడు.

"మేమింకా ఇందులో తెలుగు పెట్టనే లేదు సార్, ఇన్నాళ్ళూ ఉన్నదంతా ఆవిడ పెట్టిందే."