టక్‌మన్న స్టూలు

“టక్!”

వడ్రంగం మాస్టారు స్టూలు మీదనుంచి లేచి మళ్ళీ కూర్చున్నారు. మళ్ళీ “టక్!” క్లాసంతా ఘొల్లుమంది.

“విన్నావుగా? కాళ్ళు ఎగుడుదిగుడు,” అన్నారాయన. “రంపం తెచ్చుకో. పొడుగ్గా ఉన్న కాలు కొయ్యి.”

స్టూలు చేసిన పిల్ల కదల్లేదు. ఏ పనైనా నిదానంగా చేస్తుందని తోటివాళ్ళు ఆమెకి నత్త అని పేరు పెట్టారు. మిగతా అందరి స్టూళ్ళూ పరీక్ష నెగ్గి గోడవారగా వరసలో నిలబడి ఉన్నాయి. నత్తదొక్కటే ఇంకా గట్టెక్కలేదు.

“మా ఇంట్లో చప్పుడు రాలేదు సార్. గరుకు కాగితం పట్టడానికి ఇంటికి తీసుకెళ్ళానుగా, అమ్మ దీనిమీద కూర్చునే కూరలు తరిగింది. కిక్కురుమనలేదు.”

“మీ అమ్మ బరువెంత, నా బరువెంత?”

మాస్టారి బొజ్జ చూసి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ గదిలో పరీక్ష అంటే ఆయన కూర్చోవడమే. బల్ల పక్కన నేల మీద తెల్ల రంగుతో గుండ్రంగా గిరి గీసి ఉంది. స్టూలు ఆ గిరిలో పెట్టాలి, ఆయన బోర్డు వైపు తిరిగి ధబాలున కూర్చోవాలి, చప్పుడు రాకూడదు. వస్తే రంపమే. ఒకబ్బాయి స్టూలైతే కోయగా కోయగా పీటకి దగ్గరపడ్డాక గాని నెగ్గలేదు.

“కొయ్యను సార్,” అంది నత్త. “బాగున్నదాన్ని పాడు చెయ్యలేను.”

“అయితే రేపు నీది వేదిక ఎక్కదు.”

ఆ మాటకి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రేపు తల్లిదండ్రుల సభ. పెద్దలంతా పిల్లలు చేసిన స్టూళ్ళ మీదే కూర్చుంటారు. “నువ్వు చేసినదాని మీద ఎవరు కూర్చుంటారో చూడొద్దూ?” అని అమ్మ పనికి సెలవు కూడా పెట్టింది. అయినా నత్త రంపం ముట్టలేదు. స్టూలు తీసుకెళ్ళి రంపపు పొట్టు బస్తా వెనక పెట్టేసింది.

మర్నాడు వేదిక మీద ముందుగా హెడ్‌మిస్ట్రెస్ గారు కూర్చున్నారు. “టక్!” పక్కన ఆటల మాస్టారు కూర్చున్నారు. “టక్!” వంట నేర్పే టీచరమ్మ చూసుకుని చూసుకుని మెల్లగా కూర్చుంది. అయినా “టక్!” ప్రార్థన పాడే పిల్లలకి వేదిక మీది పెద్దలే తాళం వేస్తున్నారు. కింద కూర్చున్న తల్లిదండ్రులు నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతున్నారు. వడ్రంగం మాస్టారికి ముచ్చెమటలు పోశాయి.

“ఇవి పరీక్ష చేశారా మాస్టారూ?” హెడ్‌మిస్ట్రెస్ గారు గొంతు తగ్గించి అడిగారు.

“ఒక్కోదాని మీదా నేనే కూర్చున్నానండీ! కావాలంటే పిల్లల్ని అడగండి. ఈ వేదికే వంకరేమో!”

నత్త అప్పటికే హాలు దాటింది. జన్మలో మొదటిసారి పరుగెత్తినట్టుంది. చంకలో స్టూలుతో తిరిగొచ్చి, మెట్లెక్కి, హెడ్‌మిస్ట్రెస్ గారి ముందు పెట్టింది. ఆవిడ అనుమానంగానే దానిమీదికి మారారు. చప్పుడు లేదు. అటు ఊగారు, ఇటు ఊగారు. ఊహూఁ, లేదు.

“హమ్మయ్య!” ఆవిడ మైకులోనే అనేశారు. “ఇది ఎవరు చేశారమ్మా?”

“మా అమ్మాయండీ!” వెనక వరసలోంచి ఓ గొంతు ఖంగుమంది. నత్త ముఖం చేటంత అయింది.

మాస్టారికి మాత్రం నమ్మకం కుదరలేదు. సభ అయ్యాక ఆ స్టూలునీ, పిల్లనీ వడ్రంగం గదికి తీసుకెళ్ళారు. వింత చూద్దామని హెడ్‌మిస్ట్రెస్ గారూ వెంట వచ్చారు. ఆయన స్టూలు గిరిలో పెట్టి ధబాలున కూర్చున్నారు.

“టక్!”

“చూశారా? నేను చెప్పలేదూ!”

నత్త స్టూలు పక్కకి జరిపి, గ్లాసుడు నీళ్ళు తెచ్చి గిరి మధ్యలో తన పద్ధతిలో నిదానంగా వంచింది. నీళ్ళు తలుపు వైపుకి పాకి, సరిగ్గా స్టూలు కాలు ఆనేచోట మడుగు కట్టాయి. అక్కడ నేల కుంగి ఉంది.

హెడ్‌మిస్ట్రెస్ గారు నోరు నొక్కుకున్నారు. “అయితే పోయినేడు మీరు మా ఇంటికి పంపిన స్టూలు... అయ్యో, మా నేలే వంకరనుకుని మేస్త్రీని తిట్టిపోశానండీ!”

మాస్టారు వంగి ఆ మడుగు చూశారు. తర్వాత ఆయనకే నవ్వొచ్చింది. బొజ్జ ఊగేలా నవ్వారు.

“ఇంతకీ నాకు మార్కులు ఎన్ని సార్?”

“నూటికి నూరు తల్లీ.”

“మరి ఈ నేలకి?”

మాస్టారు ఆ తెల్లటి గిరి చుట్టూ వేలు తిప్పి చూపించారు.

“దీనికి ఎప్పుడో వేసేశానమ్మా, చూసుకోలేదంతే. ఇదిగో, ఇంత సున్నా!”