నోట రాని ఊరు

"పెద్దమ్మా, బస్సు కదిలేముందు జై నువ్వే కొట్టించాలె," అన్నాడు నాగరాజ్.

శరణమ్మ గబుక్కున చేతులు అడ్డంగా ఊపింది.

యాత్రలకు జనాన్ని తీసుకెళ్లే నాగరాజ్‌ది పొద్దటి నుంచీ ఒకటే కేక. "కాశీ, కాశీ, కాశీ!" జహీరాబాద్ హైవే పక్కన, తెల్లవారీ తెల్లవారని పొగమంచులో, ఆ గొంతు పట్టుకునే జనం బస్సు దగ్గరికి చేరారు. మూటలు పైకెక్కాయి. మనుషులు సీట్లలో సర్దుకున్నారు. ఇక జై కొట్టడమే తరువాయి.

"నాకొద్దు బిడ్డా. ఇంకెవలతోనన్న కొట్టియ్యి."

"ఏమున్నది అండ్ల? కాశీ విశ్వనాథునికీ అని నువ్వంటే, జై అని మేమంటం. గంతే గదా!"

"నా నోట రాదు."

బస్సులో ఎవరో కిసుక్కున నవ్వారు. శరణమ్మకు తల కొట్టేసినంత పనైంది. పక్క సీటులో ఝరాసంగం ఊరి యాదమ్మ ఊరుకునే రకమా?

"నేను గప్పటిసంది జూస్తున్న. ఈమె ఆ ఊరి పేరే తియ్యది. ఏ ఊరికి పోతున్నవ్ అక్కా అంటే, గంగమ్మ ఊరికి అంటది. పేరు తీస్తె పయనం ఆగిపోతదని భయమా ఏంది?"

"అట్లనే అనుకో," అంది శరణమ్మ.

భయం లేకపోలేదు. మూడుసార్లు మూటలు కట్టి, మూడుసార్లు విప్పిన ప్రయాణం ఇది. ఒకసారి అత్త మంచాన పడింది. ఒకసారి అల్లం పంటంతా భూమిలోనే కుళ్లిపోయింది. ఇంకోసారి, బట్టలు సర్దుకున్నాక, కరోనా వచ్చిపడింది.

చిన్నప్పుడు నాయనమ్మ చెప్పగా విన్న ఊరు. రాజులు మారినా, రాజ్యాలు కూలినా, గంగలో దీపం వదలడం మానని ఊరు. ఎదురెదురుగా ఇద్దరొస్తే ఒకరు గోడకు ఒదిగి నిలబడాల్సిన సందులట. నీళ్లలోకి దిగిపోయే మెట్లట. ఫోన్‌లో ఎన్నిసార్లు చూసినా శరణమ్మకు తనివి తీరేది కాదు. ఫోన్‌కు ఆ ఊరి పేరు చెప్పి వెతికించే పని మాత్రం ఎప్పుడూ పెనిమిటిదే. ముసిముసిగా నవ్వుకుంటూ చెప్పేవాడు.

ఆ పెనిమిటే ఇప్పుడు బస్సులో లేడు.

బస్సెక్కితే శరణమ్మకు కడుపులో తిప్పుతుంది. అల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటే గానీ కుదురుకోదు. మరి చేనంతా అల్లమే పండించే ఇంటి నుంచి బయల్దేరి, ఒక్క కొమ్ము వెంట తెచ్చుకోవడం మరిచిపోయింది. చోద్యం కాకపోతే ఏంటి!

"జర కూసో, రోడ్డవతల హోటల్ల అడిగి తెస్త," అని దిగిపోయాడు ఆయన. ఇంకా రాలేదు.

డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. నాగరాజ్ మళ్లీ వచ్చాడు. ఈసారి మొహంలో నవ్వు లేదు.

"పటేల్ ఏడికి పోయిండు పెద్దమ్మా? ఒక్కరి కోసం అందరిని ఎంతసేపని ఆపుత?"

"వస్తడు బిడ్డా, ఫికర్ చెయ్యకు."

"ఫోన్ కొట్టు."

కొట్టింది. అది ఆమె కాళ్ల దగ్గరి సంచిలోనే మోగింది.

ఈసారి కూడా ఇంతేనా దేవుడా! శరణమ్మ గబగబా కిందికి దిగింది. మోకాళ్లు సహకరించకపోయినా రోడ్డు అంచు దాకా నడిచింది.

కనిపించాడు. సగం రోడ్డు దాటేసి డివైడర్ మీద నిలబడ్డాడు. చేతిలో కాగితం పొట్లం. హమ్మయ్య అనుకుంది.

ఆయన చూడాల్సిన వైపే చూస్తున్నాడు పాపం. బొంబాయి వైపు నుంచి వచ్చే బండ్లన్నీ పోయేదాకా ఓపిగ్గా ఆగాడు. ఆ రెండో వైపు నుంచి మాత్రం, రాంగ్ రూట్‌లో, దీపమన్నది లేకుండా, చెరుకు లారీ ఒకటి మంచును చీల్చుకుంటూ వచ్చేస్తోంది. ఆయన అటు తల తిప్పలేదు.

"ఇగో!" అని అరిచింది శరణమ్మ.

బస్సు దిగి నిలబడి ఉన్న మగవాళ్లంతా ఆమె వైపు తిరిగారు. ఆయన తిరగలేదు.

"ఓ నందిని నాయినా!"

కూతురి పేరు ఇంజన్ రొదలో కొట్టుకుపోయింది. ఆయన డివైడర్ మీద నుంచి కాలు దించబోయాడు.

శరణమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. పొద్దటి నుంచీ నోట రాదన్న మాట కడుపులోంచి తన్నుకొచ్చింది.

"కాశీ! ఓ కాశీ!"

జై కొట్టించే వేళయిందనుకున్నారు బస్సులోని వాళ్లు. "జై!" అన్నారు ఒక్క గొంతుతో.

రయ్యిన గాలి ఆమె మొహానికి కొట్టింది. కళ్లు తెరిచింది. లారీ వెళ్లిపోయింది. రోడ్డంతా చెరుకు ఆకులు. అల్లం కొమ్ములు అక్కడొకటి ఇక్కడొకటి దొర్లుతున్నాయి. ఆయన డివైడర్ మీదే ఉన్నాడు. దించబోయిన కాలు ఇంకా దించనే లేదు. తనను చంపబోయిన లారీ వంక కూడా చూడకుండా, నోరు తెరుచుకుని ఆమెనే చూస్తున్నాడు.

"ఎట్లయితేంది, ఊరి పేరు తీసింది పో!" కిటికీలోంచి చప్పట్లు కొట్టింది యాదమ్మ.

పెండ్లినాడు ఆడవాళ్లంతా గడప మీద నిలబెట్టి, పట్టుబట్టి చెప్పించిన తర్వాత, పెండ్లాం నోట తన పేరు వినడం కాశీనాథ్ పటేల్‌కు మళ్లీ ఇదే.